తెలిసీ ఊరుకున్న మనిషి

మణుగూరులో బొగ్గు గని కార్మికులుండే ఆ వీధిలో ఆదివారం పొద్దున అందరికీ చర్చికి వెళ్లే తొందర. విశ్రాంతమ్మ మాత్రం ఆ రోజు వేరే పనిలో ఉంది. కోడలు గ్రేస్ విడిచిన బట్టల్ని కర్రతో ఎత్తి విడిగా ఒక బకెట్లో వేసింది. కోడలు కూర్చున్న కుర్చీని డెటాల్ నీళ్లతో తుడిచింది. ఎనిమిదో నెల నిండిన గ్రేస్ తలుపుకు ఆనుకుని అదంతా చూస్తోంది. ఇలాంటివి మన చుట్టూ ఎన్ని ఇళ్లలో జరుగుతున్నాయో మనకు తెలియదు. తలుపులు మూసి ఉంటాయి కదా.

నాలుగు రోజులుగా గ్రేస్‌కు జ్వరం. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. నలుగురిలో చెప్పుకోలేని చోట నీటి పొక్కులు గుత్తులుగా లేచి, చిట్లి పుండ్లయ్యాయి. మూత్రానికి వెళితే భగ్గుమని మంట. భర్త షాలేమ్‌రాజుకు మొదటి రోజే చెప్పింది. అతను గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. నెమ్మదస్తుడు. పెళ్లయిన ఈ రెండేళ్లలో ఆమె మీద గొంతు పెంచి ఎరుగడు. ఆమె మాట వినగానే అతని ముఖం పాలిపోయింది.

"వేడి చేసి ఉంటది. మజ్జిగ తాగు" అన్నాడు. ఆ రోజు నుంచి డ్యూటీ అయిపోయినా ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

మూడో రోజు నడవలేక అత్తకు చెప్పుకుంది. విశ్రాంతమ్మ చూసి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"గిది సుఖరోగం. మా ఇంట్ల ఎవ్వలికి లేదు. యాడికెళ్లి తెచ్చినవ్?"

గ్రేస్‌కు ఆ ప్రశ్న ముందు అర్థమే కాలేదు. పెళ్లికి ముందు మధిరలో బట్టల షాపులో పనిచేసింది. అత్త ఆ షాపు పేరు ఎత్తినప్పుడు అర్థమైంది.

విశ్రాంతమ్మ ఆ పూటే వియ్యంకుడికి ఫోన్ చేసింది. ఏసయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక మధిరలో ఒక్కడే ఉంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి బస్సులు మారి మణుగూరు చేరాడు. వియ్యపురాలు చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. తర్వాత కూతురి దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, నేను నమ్మనులే. అయినా నువ్వొక్క మాట చెప్పు, చాలు."

తండ్రి అడిగినందుకు గ్రేస్‌కు ప్రాణం విలవిల్లాడింది. భర్త వైపు తిరిగింది. అతను మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"మీరు చెప్పండి. నేనెలాంటిదాన్నో మీకు తెలియదా?"

షాలేమ్‌రాజు తల ఎత్తలేదు. "డాక్టర్‌కు చూపెడదాం తియ్. ఇప్పుడెందుకీ లొల్లి" అన్నాడు.

ఆమెది తప్పనలేదు. తప్పు కాదనీ అనలేదు.

మర్నాడు ఏసయ్యే ఆటో మాట్లాడి కూతుర్ని భద్రాచలం తీసుకుపోయాడు. అల్లుడు వెనకాల బండి మీద వచ్చాడు. గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ గ్రేస్ కడుపు మీద చేయి తీయలేదు. బిడ్డ కదులుతోందా లేదా అన్నదొక్కటే ఆమె ధ్యాస.

దవాఖానాలో డాక్టర్ కళ్యాణి మగవాళ్లిద్దర్నీ బయట కూర్చోబెట్టి గ్రేస్‌ను పరీక్షించింది.

"నేనే తప్పూ చేయలేదు డాక్టరమ్మా" అంది గ్రేస్.

"నేను అడగలేదు కదమ్మా. ఇది హెర్పిస్ లాగుంది. ఇదొక వైరస్. లోకంలో కోట్లమందికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. ముందు మందు మొదలుపెడదాం" అని చెప్పి పుండు నుంచి నమూనా తీసింది, రక్తం తీసింది, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గ్రేస్‌ను వార్డులో చేర్చుకుంది.

రిపోర్టులు వచ్చాక ఆమె గ్రేస్‌ను అడిగింది. "మీ ఆయన్ని పిలవనా? నీకిష్టమైతేనే."

గ్రేస్ సరేనంది. షాలేమ్‌రాజు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పుండులో హెర్పిస్ వైరస్ ఉంది. కానీ ఈమె రక్తంలో దాని పాత ఆనవాళ్లు లేవు. అంటే ఈ మధ్యే కొత్తగా సోకింది. మీకెప్పుడైనా ఇలాంటి పొక్కులు వచ్చాయా? బిడ్డ కోసం అడుగుతున్నాను, నిజం చెప్పండి."

అతను తలుపు రెక్క పట్టుకుని చెప్పాడు.

"పెండ్లికి ముందు లారీ మీద పోయేటప్పుడు ఒచ్చినయ్ మేడం. ఐదేండ్లయితంది. ఖమ్మంల డాక్టర్‌కు చూపెట్టుకున్న. ఇది ఒంట్లనే ఉంటది, మళ్లమళ్ల లేస్తది, పెండ్లి చేసుకునే పిల్లకు చెప్పు అన్నడు."

"చెప్పారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "సంబంధం పోతదని భయమయింది. పోయిన నెల మళ్ల చురుచురుమన్నది. రెండు దినాలల్ల తగ్గింది. తగ్గింది గదా అనుకున్న."

గ్రేస్‌కు ఆ ఆదివారం కళ్ల ముందు నిలబడింది. అత్త బట్టలు కర్రతో ఎత్తుతున్నప్పుడు అతనికి తెలుసు. తండ్రి అంత దూరం నుంచి వచ్చి తన ముందు నిలబడి అడుగుతున్నప్పుడూ తెలుసు. ఆ ఇంట్లో నిజం తెలిసిన మనిషి అతనొక్కడే. రెండు మాటలు చాలేవి. పుండ్ల నొప్పికి కూడా ఏడవని పిల్ల అప్పుడు గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్యాణి ఆమెను ఏడవనిచ్చి, తర్వాత ఇద్దరికీ విడమరిచి చెప్పింది. ఈ వైరస్ నరాల్లో దాగి ఉంటుంది, పూర్తిగా పోదు. మాత్రలతో పుండ్లు తొందరగా మానతాయి, మళ్లీ మళ్లీ రావడం తగ్గుతుంది. చురుకు మొదలైనప్పటి నుంచి పుండ్లు పూర్తిగా మానేదాకా భార్యాభర్తలు కలవకూడదు. పైకి ఏమీ కనబడని రోజుల్లోనూ అంటుకోవచ్చు. నిరోధ్ వాడితే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. కంచాలతో, బట్టలతో, కుర్చీలతో ఇది అంటదు. కొందరికి ఎప్పుడో సోకినది ఎన్నో ఏళ్లకు బయటపడవచ్చు కూడా. అందుకని పుండు చూసి ఎవరి నడతనూ తేల్చకూడదు.

"బిడ్డకో?" అంది గ్రేస్.

"చివరి నెలల్లో కొత్తగా సోకితే కాన్పులో బిడ్డకు అంటుకునే ప్రమాదం ఎక్కువ. పసిబిడ్డకు అంటితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తాం, అప్పటిదాకా నువ్వు మాత్రలు మానకూడదు. ఈయన నీకు ముందే చెప్పి ఉంటే ఈ నెలల్లో జాగ్రత్త పడేవాళ్లం."

ఏసయ్య దవాఖానా దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని, మూడు వారాలు తనే అన్నం వండి కూతురికి పెట్టాడు. ఆ ఆదివారం అడిగిన మాటకు ఒకరోజు క్షమించమన్నాడు. "నువ్వు అడిగావు నాన్నా. అడిగితే చెప్పుకోవచ్చు" అంది గ్రేస్.

ఆపరేషన్ అయింది. ఆడపిల్ల పుట్టింది. పరీక్షలు చేసి, కొన్నాళ్లు కనిపెట్టి చూసి బిడ్డకు ఏమీ సోకలేదని చెప్పారు.

ఆ కబురు విని విశ్రాంతమ్మ కొడుకుతో కలిసి మనవరాలిని చూడటానికి వచ్చింది. మంచానికి దూరంగా నిలబడి, "ఈమె చేసిన దానికి పిల్లకేం కాలేదు, ప్రభువు దయ" అంది.

గ్రేస్ నిర్ఘాంతపోయింది. ఇన్ని రోజులు గడిచినా అతను తల్లికి చెప్పలేదు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని భర్తను అడిగింది.

మామ ఏసయ్య ముందు, తల్లి ముందు షాలేమ్‌రాజు తనే చెప్పాడు. విశ్రాంతమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"ఆ దినం నువ్వు మంచం మీదనే ఉన్నవ్ గదరా. నేను ఆ పిల్లను గన్ని మాటలంటుంటే ఇంటనే ఉన్నవ్ గదరా" అంది. కోడలి వైపు చేయి చాపి, "బిడ్డా, నేను..." అని ఆగిపోయింది. గ్రేస్ ఆ చేయి తోసేయలేదు.

"తప్పయింది గ్రేస్. ఇంటికి పోదాం" అన్నాడు షాలేమ్‌రాజు.

"రోగం వచ్చినందుకు మిమ్మల్ని ఒక్క మాట అనను. అది ఎవరికైనా రావచ్చు. ముందే చెప్పి ఉంటే బహుశా ఒప్పుకునేదాన్నే, డాక్టర్‌ని అడిగి జాగ్రత్తగా కాపురం చేసుకునేవాళ్లం. కాదనేదాన్నేమో కూడా. అది తేల్చుకోవలసింది నేను, మీరు కాదు. నేనిప్పుడు నాన్నతో మధిర పోతున్నాను. నెలనెలా ఇక్కడికి చూపించుకోవడానికి వస్తాను, మీరూ రండి. డాక్టరమ్మ ముందు ఏదీ దాచకుండా మాట్లాడటం నేర్చుకోండి. ఆ తర్వాత చూద్దాం."

ఆమె బిడ్డను ఎత్తుకుని తండ్రి వెంట బయటికి నడిచింది. షాలేమ్‌రాజు ఆ తర్వాతి నెల వచ్చాడు, పై నెలా వచ్చాడు. గ్రేస్ ఇంకా మధిరలోనే ఉంది.

హెర్పిస్ ఉన్నంత మాత్రాన ఎవరి బతుకూ ఆగిపోదు. మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి, అడిగితే చెప్పే డాక్టర్లున్నారు. అయితే ఒంట్లో ఉందని తెలిసినవాళ్లు, ఆడైనా మగైనా, తమతో బతుకు పంచుకోబోయే మనిషికి ముందుగా ఆ మాట చెప్పి తీరాలి. మన సిగ్గు కోసం ఏ తప్పూ చేయని మనిషి చేత నింద మోయించే హక్కు మనకు లేదు.