నెరూగ

సాయంత్రం ఐదింటికి బడిలో మీటింగు. మధ్యాహ్నం రెండు కాకముందే నాకు కాలు నిలవడం మానేసింది. ఏం మాట్లాడాలో రాసుకున్న కాగితాన్ని జేబులోంచి తీయడం, చదవడం, మళ్ళీ లోపల పెట్టడం. పావుగంటలో నాలుగుసార్లు ఇదే తంతు. మొదటి నుంచీ నేనంతే. రేపటి పనికి ఇవాళే చెమటలు పట్టించుకునే రకం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ ఎనభైకి తగ్గదు. బొమ్మలు సరేసరి. ఇళ్ళకి ప్లాన్లు గీయడం నేర్పే కోర్సు ఒకటుందట, పదో తరగతి అవగానే అందులో చేరాలని దాని పట్టుదల. ఇక్కడే వచ్చి పడింది చిక్కంతా. ఈ ఏడు బడివాళ్ళు పరాయి భాష తప్పనిసరి అన్నారు. అందులో ముప్ఫై అయిదు మార్కులు రాకపోతే, మిగతావాటిలో నూటికి నూరొచ్చినా పైతరగతికి పంపరు. దానికి మొదటి పరీక్షలో ఇరవై ఒకటి, రెండో పరీక్షలో ఇరవై ఏడు వచ్చాయి. చివరి పరీక్షకి ఇంకా మూడు నెలలుంది. తల్లిదండ్రులంతా మీద పడేసరికి హెడ్మాస్టరు గారు విసిగిపోయి, "సరే, అందరూ వచ్చి చేతులెత్తండి. ఎక్కువమంది వద్దంటే తీసేస్తాను" అన్నారు.

వద్దనేవాళ్ళ తరఫున మొదట మాట్లాడాల్సింది నేను. నన్ను ఎగదోసింది మా బావ. మా అక్క మొగుడు. ప్రెస్సులో పార్సిళ్ళు కట్టే దగ్గర ఉంటాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు కాబట్టి అందరూ ఆయన్ని ఎనిమిదేళ్ళాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది వయసనుకుని నవ్వుతారు, చెయ్యి చూశాక నోరు మూసుకుంటారు.

నేను అదే ప్రెస్సులో కాగితాలు కోస్తాను. మా కటింగ్ మిషన్ పేరు నెరూగ. పరాయి దేశం నుంచి పాతదిగా వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ముందువైపు, సరిగ్గా బ్లేడు కింద, ఎర్రరేకు మీద తెల్లటి పెద్ద అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉండడంతో మా యజమాని కూడబలుక్కుని నెరూగ అని చదివాడు. "చూశారా, నేరుగా కోస్తుందని మన మాటే పెట్టారు. పాపం, వాళ్ళకి నోరు తిరగలేదు" అని పగలబడి నవ్వాడు. అంతే, పేరు నిలబడిపోయింది. బైండింగ్ సెక్షన్ ఆడవాళ్ళు నెరూగమ్మ అంటారు. "నెరూగమ్మ ఇవాళ అలిగింది", "నెరూగమ్మకి నూనె పెట్టారా?" ఇలా ఉంటాయి మా మాటలు. ఆ అక్షరాలు వెలిసిపోతే ఏటా తెల్లరంగు తెచ్చి దిద్దేది నేనే. సన్నకుంచెతో, నాలిక బయటపెట్టి మరీ దిద్దేవాణ్ణి.

ఆరోజు కోస్తున్నది మా కరపత్రాలే. 'పిల్లల నెత్తిన పరాయి భాష రుద్దకండి' అని బావ దగ్గరుండి అచ్చు వేయించాడు. దొంతరని బల్ల మీద తట్టి అంచులు సరిచేసి, లోపలికి నెట్టి, రెండు చేతులతో రెండు మీటలూ నొక్కాను. ధ్యాస ఎక్కడో ఉంది. తీసి చూస్తే 'రుద్దకండి'లో 'డి' సగం తెగిపోయింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నాన్నా, అయ్యాయా?"

మా అమ్మాయి. బడి ఒంటిపూట వదిలేశారు, కరపత్రాలు పట్టుకెళ్ళడానికి వచ్చింది. అది ప్రెస్సు లోపలికి రావడం అదే మొదలు. బ్లేడు దగ్గరికి పిల్లల్ని రానివ్వనని ఎప్పుడూ గుమ్మంలోనే ఆపేవాణ్ణి. ఆరోజు ఆపడం మర్చిపోయాను.

అది ఎర్రరేకు చూసి ఫక్కున నవ్వింది.

"ఇదేంటి నాన్నా, ఇక్కడ కూడానా! ఈ మాటకే నాకు నాలుగు మార్కులు పోయాయి."

"ఏ మాటకి? అది మిషన్ పేరు."

"పేరేంటి! నె అంటే వద్దు. రూగ అంటే చెయ్యి. కలిపితే 'చెయ్యి పెట్టకు' అని. నేను పరీక్షలో 'చెయ్యి లేదు' అని రాసొచ్చాను. టీచర్ అందరి ముందూ చదివి..."

అంటూ అంటూ ఆగిపోయింది. దాని చూపు నా వెనక్కి వెళ్ళింది. అక్కడ కిటికీ అవతల బావ పురికొసని పళ్ళతో పట్టుకుని, మూడు వేళ్ళతో ముడి బిగిస్తున్నాడు.

నేనూ అటు తిరిగాను.

పదకొండేళ్ళ కిందట ఆ మిషన్‌కి రెండు మీటలు లేవు, ఒక్క పెడలే ఉండేది. పెడలు మీద నుంచి కాలు తీసినా బ్లేడు ఒక్కోసారి మళ్ళీ దిగేది. ఆరోజు కోస్తున్నది బావ, పక్కన అంచులు తడుతున్నది నేను. పైకెళ్ళిన బ్లేడు అదరడం నా కంటపడింది. నెరూగ ఆగట్లేదు అని చెప్పబోయాను. కంగారులో పేరొక్కటే బయటికొచ్చింది. "నెరూగ! నెరూగ!" అని గొంతు చించుకుని అరిచాను. బావ, "ఏమైందిరా నెరూగకి?" అని చెయ్యి బల్ల మీద ఆనించి లోపలికి వంగి చూశాడు.

రెండు వేళ్ళు పోయింది బావ తొందరవల్లే అన్నాడు యజమాని. మా అక్క ఇప్పటికీ చారు గిన్నె ఒలికితే చాలు, "చూసుకుని చావడు, వేళ్ళు ఊరికే పోయాయా" అంటుంది. బావ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నా తొందరే అని ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్న మనిషిని మేం తీరిగ్గా ఆటపట్టించాం. నేనూ పట్టించాను.

కరపత్రాల కట్ట దాని చేతిలో పెట్టి వీధి మలుపు దాకా వెంట నడిచాను. అది గబగబా పోతోంది. మలుపు దగ్గర ఆగింది.

"మీటింగులో ఈ సంగతి చెప్పకు నాన్నా."

"ఎందుకని?"

"చెప్తే అందరూ అటు తిరిగిపోతారు. భాష ఉండాల్సిందే అంటారు. నేను ఫెయిలవుతాను. నా ఫ్రెండ్స్ అంతా పైక్లాసుకి పోతారు, నేనిక్కడే ఉంటాను." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మామయ్యకి రేపు చెప్పు. ఎల్లుండి చెప్పు. ఇవాళ మాత్రం వద్దు. ప్రామిస్?"

నేను తలూపాను. అటో ఇటో తేలకుండా ఊపాను. ప్రామిస్ అనుకుని అది వెళ్ళిపోయింది.

మళ్ళీ మిషన్ దగ్గరికి వచ్చానన్నమాటే గానీ ఒక్క దొంతరా కోయలేదు. కాలుగాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగాను. నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. ఎవరి మీద కోప్పడాలో తేలలేదు. ఆ దేశం వాడు వాడి భాషలో వాడు రాసుకున్నాడు. మా యజమాని ఎవరినైనా అడిగి తెలుగులో ఒక్క ముక్క రాయించి ఉంటే సరిపోయేది, బడి పిల్లలంతా భాష నేర్చుకోనక్కర్లేదు. ఈ వాదం నాకు బాగా నచ్చింది. కానీ పందొమ్మిదేళ్ళలో ఇంతమంది పెద్దవాళ్ళకి అడగాలని కూడా తోచలేదే! ఇరవై ఏడు మార్కుల పిల్ల నిలబడ్డ చోట చదివేసింది. ఏటా నా చేత్తో దిద్దిన అక్షరాలు అవి.

ఐదింటికి బడి హాలు నిండిపోయింది. బల్లలన్నీ పిల్లలవి, మోకాళ్ళు పట్టవు. బావ ముందువరసలో నా పక్కనే కూర్చుని, "దంచెయ్ రా, నేనున్నాగా" అన్నాడు. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి కరపత్రాలు ఇస్తోంది. సగం తెగిన 'డి' ఉన్నవి కూడా ఇచ్చేస్తోంది.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. కాగితం తీసి మొదటి వాక్యం చదివాను: "పనిచేసుకునే వాళ్ళ పిల్లలకి పరాయి భాషతో ఏం పని?" ముందువరసలో బావ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల మోతే వేరు, సగం అరచెయ్యే తగులుతుంది. పదకొండేళ్ళుగా విన్నదే. ఆరోజు మాత్రం వినలేకపోయాను.

కాగితం మడిచేశాను. అంతా చెప్పేశాను. ఎర్రరేకు, మేం పెట్టుకున్న పేరు, మా అమ్మాయి చెప్పిన అర్థం. తలుపు వైపు చూసే ధైర్యం చేయలేదు.

బావే లేచాడు.

"అంటే ఆరోజు నువ్వు అరిచింది..."

"చెయ్యి పెట్టొద్దనే బావా. నాకూ తెలీదు."

"నేను పేరనుకున్నాను కదరా."

"నీ తొందర కాదు బావా. నీ తప్పేం లేదు."

బావ కూర్చున్నాడు. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "పదకొండేళ్ళు మీ అక్కతో తిట్లు తిన్నాను కదరా" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, "తప్పనిసరి వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నేను ఎత్తాను. ఎత్తకుండా ఎలా ఉంటాను, ఆ పిల్ల కన్నతండ్రిని. ఆయన లెక్కపెట్టి రాసుకున్నారు.

"ఉండాలనేవాళ్ళు?"

మొదట లేచింది మూడు వేళ్ళ చెయ్యి. దాన్ని చూసి ఒక్కొక్కటే లేచాయి. నా చెయ్యీ లేచింది. నేను ఎత్తానా, అదే లేచిందా అంటే చెప్పలేను.

ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కటింగ్ మేస్త్రి గారూ, మీరు రెండువైపులా ఎత్తారు. మిమ్మల్ని పక్కనపెడితే అటు నలభై ఆరు, ఇటు నలభై ఆరు. ఏదో ఒకటి దించాలి మీరు. ఇప్పుడు ఎత్తింది లెక్కేసుకోమంటారా, తీసెయ్యమంటారా?"

హాలంతా నా వైపు తిరిగింది. బావ తిరగలేదు, చెయ్యి మాత్రం దించలేదు. మూడు నెలలుంది, ఎనిమిది మార్కులే కదా అని మనసులో లెక్కలు కట్టుకున్నాను. ఆ ఎనిమిది రాకపోతే ఏడాది పోతుందనీ తెలుసు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి కేక వినపడింది.

"నెరూగ!"

మా అమ్మాయి. కరపత్రాలన్నీ కాళ్ళ దగ్గర పడిపోయి ఉన్నాయి. ముఖం ఎర్రబడిపోయింది. "నాన్నా, నెరూగ!"

ఎత్తిన చెయ్యి దించమని. ఆ మాట అర్థం తెలిసి వినడం నా జీవితంలో అదే మొదటిసారి. హాల్లో అందరూ తెలిసే విన్నారు, ఎవరూ నవ్వలేదు. అది పలికిన తీరు కూడా, పక్కనున్న టీచర్ తలూపడాన్ని బట్టి చూస్తే, తప్పేం లేనట్టుంది.

"ఏమంటారు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఉంచండి" అన్నాను. నా చెయ్యి దించలేదు. ఆయన రాసుకునేదాకా అలాగే ఎత్తి ఉంచాను.