దీనమ్మ తర్వాత

దీనమ్మ మిషన్ దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాడు ఆమె భర్త చంద్రయ్య బస్సు దాకా ఎదురెళ్లి మూట అందుకున్నాడు. చేతికి చెయ్యి మాత్రం తగలనివ్వలేదు. అది ఆమె చూసింది.

అది 1964 చెరుకు సీజను. ఆమెకు పెద్దరోగమని, కుష్ఠు అని తేలి అప్పటికి మూడేళ్లు. ఆ మూడేళ్లూ చంద్రయ్య చెరుకు బండి తోలుకుంటూ బోధన్ ఫ్యాక్టరీకి పోయే దారి పొడుగునా దేవుణ్ణి ఒక్కటే అడిగాడు, నా పెండ్లాన్ని బాగుచేసి ఇంటికి పంపమని. ఇప్పుడు డాక్టరు బాగైందన్నాడు. ఎడమచేతి చిటికెనవేలు కొంచెం వంకరపోయింది గానీ, ఇక ఎవరికీ అంటుకోదన్నాడు. అడిగింది అడిగినట్టు దేవుడిచ్చాడు. అందుకోవడానికే చంద్రయ్యకు చేతులు రావడం లేదు.

అతని తల్లి హన్మవ్వ కోడలికి ఎడ్లకొట్టంలో చాప పరిచి, వేరే చెంబు, వేరే కంచం పెట్టింది. మనవరాలు సుగుణను అంతకుముందే ముప్కాల్‌లో ఉన్న తన కూతురింటికి పంపేసింది. దీనమ్మ వండితే తినేవాళ్లు లేరు. అందుకని ఆమె పొయ్యి దగ్గరికే పోలేదు. పొద్దంతా కొట్టం ఊడ్చేది, ఊడ్చిందే మళ్లీ ఊడ్చేది.

"పిల్లను ఒక్కసారి తీస్కరా. దూరంకెల్లి సూస్త," అంది ఒకరోజు.

"చెరుకు కొట్టుడు అయినంక పోత," అన్నాడు చంద్రయ్య, ఎడ్ల వైపు చూస్తూ.

ఆ ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు కొన్నే. మట్టిగోడల చర్చి. నెలకొకసారి బోధన్ నుంచి దేవవరం పాస్టరు సైకిల్ మీద వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చేవాడు. రొట్టె తలా ఒక ముక్క, ద్రాక్షరసానికి మాత్రం అందరికీ ఒకటే గిన్నె. ఒక శనివారం పొద్దున సంఘపెద్ద కాశయ్య బండి దగ్గరికి వచ్చాడు.

"రేపు సంస్కారం. ఆమె మూతి పెట్టిన గిన్నె ముట్టేది లేదంటున్నరు అందరు. నువ్వే చెప్పుకో చంద్రయ్యా. సంఘం చెడిపోవద్దు."

"డాక్టరు బాగైందన్నడు గద."

"మరి నువ్వు ఆమె చేతి బువ్వ తింటున్నవా?"

చంద్రయ్య కొట్టం దగ్గరికి పోయి, గడప ఇవతలే నిలబడి, "రేపు చర్చికి రాకు," అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే బాగుండునని అతనికి అనిపించింది.

సాయంత్రం బండి మళ్లించుకొని వచ్చేసరికి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. దీనమ్మ లేదు. హన్మవ్వ తాను చూడలేదంది. చంద్రయ్య ఎడ్లను కూడా విప్పకుండా నిజాంసాగర్ కాలువ గట్టుకు పరుగెత్తాడు. కాలువ నిండుగా పారుతోంది. పేరు పెట్టి పిలుస్తూ గట్టు వెంట పోయాడు. నీళ్లలో కొట్టుకొచ్చే చెరుకాకు కూడా చీర కొంగులా కనబడింది. నీళ్లల్ల కనబడనియ్యకు దేవుడా, అంతకుమించి ప్రార్థన నోట రాలేదు. తూము దగ్గర నీళ్లు వదిలే లింగం అతన్ని పట్టుకొని ఆపాడు.

"నీ ఇంటామె పగటిపూట నిజామాబాద్ బస్సెక్కింది. నేనే సూసిన."

చంద్రయ్య గట్టు మీదే కూలబడ్డాడు. బతికే ఉందని ఏడ్చాడు. ఆమె తిరిగొస్తుందనుకోగానే పాత భయం మళ్లీ పట్టుకుంది. తన మనసు అట్లా ఉన్నందుకు ఇంకా ఏడ్చాడు.

మర్నాడు చర్చిలో పాస్టరు వాక్యం చెబుతుండగా దీనమ్మ వచ్చింది. కాళ్ల నిండా దుమ్ము. గుమ్మం బయట, చెప్పులు విప్పే చోట కూర్చుంది. చంద్రయ్య లేచి బయటికి వెళ్లాడు.

"యాడికి పోయినవ్?"

"దవాఖానకు. నన్ను ఈడనే ఉంచుకోండ్రి, ఊడుస్త, బట్టలుతుకుత అన్న. బాగైనోళ్లకు మంచం లేదన్నరు. రోగమున్నోళ్లే శానమంది బయట కూసున్నరు. అరుగు మీద పండుకొని వచ్చిన." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "రోగమున్నప్పుడు ఆడన్న జాగ ఉండె. బాగైనంక ఏడ ఉండాలె? నువ్వే చెప్పు."

అతను లోపలికొచ్చి తన చోట కూర్చున్నాడు.

సంస్కారానికి మొదట మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు వెళ్లి మోకరించారు. చంద్రయ్య తన వరుసలో లేవలేదు. కాశయ్య సైగ చేసినా లేవలేదు. అందరూ అయ్యాక పాస్టరు గుమ్మం వైపు చూసి, "రామ్మా," అన్నాడు. దీనమ్మ గోడ పక్కగా, ఎవరికీ కొంగు తగలకుండా నడిచొచ్చి మోకరించింది. రొట్టె తీసుకుంది. గిన్నెలోంచి ఒక గుక్క తాగింది. ఆమె లేవబోతుంటే చంద్రయ్య వచ్చి పక్కన మోకరించాడు.

"నువ్వు నాకన్న ముందుగాల్నే తాగాల్సుండె," అని గొణిగింది ఆమె.

గిన్నె అంచు మీద ఆమె పెదవుల తడి అట్లాగే ఉంది. పాస్టరు గుడ్డతో తుడవబోయి, చంద్రయ్య ముఖం చూసి ఆగాడు. చంద్రయ్య కళ్లు మూసుకున్నాడు. ధైర్యం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. అట్లాగే తాగేశాడు.

వెనక కొందరు లేచి వెళ్లిపోయారు. కాశయ్య అందరికంటే ముందు వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం దీనమ్మ వండింది. కంచంలో అన్నం, పప్పు వడ్డించి దూరంగా జరిగింది. చంద్రయ్య ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగడం చూసింది.

"భయమైతుందా?"

"అయితుంది."

"మరెందుకు తింటున్నవ్?"

"నిన్ను ఇయ్యమని ఇంకెన్ని దినాలు అడగాలె దేవున్ని? ఇచ్చిండు గద," అన్నాడు చంద్రయ్య.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన తర్వాత దీనమ్మ మొదటిసారి ఏడ్చింది.

హన్మవ్వ ఆ సాయంత్రమే బట్టలు సర్దుకొని ముప్కాల్ వెళ్లిపోయింది. కాశయ్య, మరికొందరు చర్చికి రావడం మానేశారు. చంద్రయ్య ముప్కాల్ వెళ్లినప్పుడల్లా హన్మవ్వ పిల్లను పంపనని తలుపు వేసుకునేది. చివరికి మక్కజొన్న చేలు కంకులేసే నాటికి అతను సుగుణను ఎత్తుకొచ్చాడు. పిల్ల తల్లిని గుర్తుపట్టలేదు. తండ్రి ధోవతి వెనక దాక్కుంది. దీనమ్మ పిలవలేదు. పొయ్యి దగ్గర కంకులు కాలుస్తూ కూర్చుంది. చాలాసేపటికి పిల్ల దగ్గరికొచ్చి కంకి కోసం చెయ్యి చాపింది.

చంద్రయ్య భయం మాత్రం అంత తొందరగా పోలేదు. చాన్నాళ్లు పొద్దున్నే వాకిట్లో వెలుగులోకి పోయి, మచ్చలేమైనా వచ్చాయేమోనని చేతులు తిప్పి తిప్పి చూసుకునేవాడు. చూసుకున్నందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగేవాడు. తర్వాత లోపలికొచ్చి దీనమ్మ ఇచ్చిన చాయ తాగి బండి కట్టేవాడు.