షెడ్డు వెనక గార్డన్ ట్రక్కు

పైగా స్కేలు తెచ్చుకుంది ఆ పిల్ల, మా జిల్లాని చూసుకునే కౌంటీ ఆఫీసు పిల్ల, బడిపిల్లల దగ్గరుండే చెక్క స్కేలు, దాన్ని గడ్డిలో గుచ్చి, వంగి చూసి, పది అంగుళాలు దాటిందండీ అంది, నాకు జ్వరం చూసి చెప్పినట్టు, దాటితే దాటింది, వారం రోజులు వాన పడ్డాక గడ్డి పెరగక ఏం చేస్తుంది, ట్రక్కు కిందికి గడ్డి కోసే మిషన్ పోదు మరి, మర్నాడు కత్తెర పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని కోశాను, డెబ్బై దాటిన మనిషిని, కోసి ఫోన్ చేస్తే గడ్డి సరేనండీ, బండి సంగతేమిటి అంది, నడవని బండి, నంబరు ప్లేటు లేని బండి ఆరుబయట ఉండకూడదట, టార్పాలిన్ కప్పినా ఆరుబయటేనట, షెడ్డులో పెట్టుకోండి అంది, షెడ్డు తలుపు ట్రక్కు కంటే సన్నం తల్లీ, మా ఆయన గార్డన్ దాన్ని మేకల కోసం కట్టాడు గానీ మీ కౌంటీ కోసం కాదు అన్నాను, అయితే మంగళవారం తీయించేస్తామండీ అంది, ఎంత మర్యాదగా అందో, మంగళవారం అంటే ఇవాళే, కాఫీ చల్లారిపోయింది, తాగబుద్ధి కావడం లేదు.

ఈ ట్రక్కులో కూర్చునే తాగుతాను రోజూ, నా వైపు సీటులోనే, ఆయన సీటులో ఎప్పుడూ కూర్చోలేదు, అది ఆయన బరువుకి గుంటపడి అలాగే ఉంది, డ్యాష్‌బోర్డు మీద టోపీ, సిగరెట్లు మానేశాక బూడిద గిన్నెలో పోసుకున్న మేకులు, ఈ ఇనుము ఎందుకే నెట్టీ, నేను పోయాక పాతసామాన్లవాడికి ఇచ్చెయ్ అనేవాడు, ఇచ్చేదాన్నేనేమో, కానీ పోయిన శీతాకాలం తలుపు తీస్తే ఇంకా ఆయన వాసన వచ్చింది, ఆయన దుప్పట్లు ఉతికేశాను, చొక్కాలు చర్చి వాళ్ళకిచ్చేశాను, ఇక ఎక్కడా లేదు ఆ వాసన, ఇందులో తప్ప, ఇందులో కూర్చుంటే ఎదురుగా పక్కింటి లోవెల్ వంటింటి కిటికీ, పొద్దున్నే అక్కడ దీపం వెలుగుతుంది, వెలిగితే నాకు ధైర్యం, పోనీలే, పక్కన మనిషి ఉన్నాడు అని, గార్డన్ పోయాక నన్ను నిలబెట్టింది ఆ దీపమే అంటే ఎవరైనా నవ్వుతారు.

కంప్లయింట్ ఎవరిచ్చారమ్మా అంటే పేరు చెప్పకూడదండీ, మా అంతట మేం వెతుక్కుంటూ రాం, ఎవరైనా చెబితేనే వస్తాం అంది, చెప్పక్కర్లేదులే, నాకు తెలుసు, రోడ్డవతల తెల్ల ప్లాస్టిక్ కంచె వాళ్ళు, సెయింట్ లూయిస్ నుంచి దిగబడ్డారు, లోవెల్ కూడా అదే అన్నాడు, వాళ్ళే నెట్టీ, ఇంకెవరు, పట్నం బుద్ధులు అన్నాడు, ఆ రోజు నుంచి వాళ్ళ కారు ఎదురైతే నేను నా కారు స్టీరింగు మీద నుంచి పలకరింపుగా వేలెత్తడం మానేశాను, మా కోల్టర్ బెండ్‌లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు, మాటల్లేనివాళ్ళు కూడా ఆ ఒక్క వేలూ ఎత్తుతారు, ఆ పిచ్చిమొహం మొగుడికి అదీ తెలియక చెయ్యంతా ఊపుతాడు, ఊపు నాయనా ఊపు, అసలు మాది ఊరే కాదు కాగితాల మీద, మేయరు లేడు, మునిసిపాలిటీ లేదు, చేద్దామని ఒకప్పుడు చర్చి హాల్లో మీటింగు పెడితే గార్డన్ లేచి, మేయరెందుకయ్యా మనకి, గడ్డి పెరిగితే పక్కింటివాడొచ్చి చెప్తాడు, చెప్పడానికి మొహమాటమైతే వాడే కోసేసి పోతాడు అన్నాడు, హాలంతా ఒకటే నవ్వు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లోవెలే, ఆ రోజు ఊరు వద్దనుకున్నాం, కాబట్టి అడగడానికి మాకు ఎవరూ లేరు, కౌంటీ ఏమంటే అదే.

అదిగో, వస్తున్నాడు లోవెల్, చేతిలో గాజు గిన్నె, పీచ్ కాబ్లర్, మా దగ్గర చావింటికి పట్టుకెళ్ళే వంటకం, తెలిసే తెచ్చాడు మంచివాడు, మోకాళ్ళు నొప్పులంటూనే వరండాకి రంగేశాడు ఈ మధ్య, పాత ఉయ్యాల కూడా తీసేశాడు, ఆర్కాన్సా వచ్చెయ్ నాన్నా అని కూతురు పోరుతోందట, దిగు నెట్టీ, బండి లాక్కెళ్ళే లారీ వచ్చేసింది, దిక్కుమాలిన కౌంటీ, మనుషులు కారు వీళ్ళు అంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు, దిగాను, టోపీ తీసుకున్నాను, లారీ వాడు ఇంటి ముందే ఆగి అరుస్తున్నాడు, బండెక్కడమ్మా, నాకేం కనబడటం లేదే, షెడ్డు వెనక బాబూ అన్నాను, వాడు చుట్టూ తిరిగొచ్చి, ట్రక్కునీ షెడ్డునీ చూసి, ఇక్కడుంటే ఎవడి కంట్లో పడిందమ్మా ఇది అన్నాడు, రోడ్డవతల వాళ్ళ కంట్లో అన్నాను, వాళ్ళకెలా కనబడుతుందమ్మా, షెడ్డు అడ్డం కదా అన్నాడు, షెడ్డు అడ్డం, షెడ్డు అడ్డం, నిజమే, షెడ్డు అడ్డమే, రోడ్డు మీద నిలబడ్డ ఎవరికీ షెడ్డు తప్ప ఏమీ కనబడదు, ఈ ట్రక్కుకి ఎదురుగా ఉన్నది ఒక్కటే, ఆ కిటికీ, నేను రోజూ చూసిన కిటికీ, చూస్తున్నాననుకున్నాను గానీ అది నన్ను చూస్తోందనుకోలేదు, లోవెల్ వంటింట్లో నిలబడి ఆ ఇల్లు కొనేవాళ్ళు బయటికి చూస్తే ఏం కనబడుతుంది, తుప్పు పట్టిన బండి, అందులో ఒక ముసలిది, కాఫీ కప్పు.

గొలుసు తగిలించారు, ట్రక్కు కిర్రుమని మూలిగింది, మోచెయ్యి ఇంకా లోవెల్ చేతిలోనే ఉంది, లోవెల్, ఇల్లు అమ్మకానికని బోర్డెప్పుడు పెడుతున్నావు అన్నాను, గురువారం అన్నాడు, నోట్లోంచి జారిపోయింది, జారాక మొహం చూడాలి వీడిది, మెడ దాకా ఎర్రబడి, నెట్టీ, చెబుదామనే అనుకున్నా, రెండుసార్లు గడప దాకా వచ్చా, ఎలా చెప్పాలో తెలీలేదు అన్నాడు, తెలీదట, ఈ గడ్డి దాటి నా తలుపు కొట్టడం తెలియలేదు, కౌంటీ నంబరు తెలిసింది, నా దగ్గరే నిలబడి ఆ పాపం రోడ్డవతల వాళ్ళ మీదికి తోయడం తెలిసింది, గడ్డపార తీసుకుని తలమీద ఒక్కటివ్వాలని ఉంది, మొహం మీద ఉమ్మేయాలని ఉంది, వీడి చెయ్యి విదిలించి గిన్నె తీసుకుని, చల్లారిపోతుంది, లోపల పెడతాను అన్నాను, అంతే, లారీ మలుపు తిరిగింది, రోడ్డవతల ఆ పిచ్చిమొహం మొగుడు కంచె దగ్గర నిలబడి చెయ్యంతా ఊపుతున్నాడు, ఈ చేతిలో గిన్నె, ఆ చేతిలో టోపీ, ఎత్తడానికి వేలు లేదు నాకు, గార్డన్, ఆ రోజు చర్చి హాల్లో నువ్వు చెప్పింది అబద్ధం, ఇక్కడ ఎవరూ వచ్చి చెప్పరు, వాడూ చెప్పలేదు, ఇప్పుడు నేనూ చెప్పలేదు, మేయరు లేకపోతే లేకపోయాడు, మనకి ఇరుగుపొరుగు కూడా ఎప్పుడూ లేదు.