హావుకి అరటితొక్క

మా శ్రీజకు నాలుగేళ్లప్పుడు, అంటే తొంభై నాలుగులో, మేం కడప నుంచి బెంగళూరు వచ్చి మహదేవపురలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అప్పటికి అక్కడ ఈ గాజు మేడలు లేవు. ఇంటి వెనక రాగి చేలు, చుట్టూ కన్నడంవాళ్లు. మా ఇంట్లో ఎవరికీ కన్నడం ముక్క రాదు.

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి బసవరాజు గారు పెరట్లోంచి "హావు బంతు, హావు!" అని అరిచారు. వీధిలో పిల్లలంతా ఇళ్లలోకి పరుగెత్తారు. మా పిల్ల మాత్రం చేతిలో ఉన్న అరటితొక్క పట్టుకుని అటే పరుగెత్తింది. ఆవు వచ్చిందట, పెట్టనీలే అనుకుని నేనూ నింపాదిగా వెనకాలే నడిచాను. తీరా చూస్తే బట్టలుతికే బండ కింద నాగుపాము. శ్రీజ వంగి, తొక్క చాపి, "రా, రా" అంటోంది. బసవరాజు గారు పిల్లను రెక్క పట్టి వెనక్కి లాగారు. పాము దాని దారిన అది పోయింది. కన్నడంలో హావంటే పాము అని నాకు ఆ రోజే తెలిసింది.

వీధి వీధంతా నవ్వింది. కూరగాయల బండి దగ్గర కూడా అదే మాట. శ్రీజ గడప దాటడం మానేసింది, అన్నం కూడా సరిగా తినేది కాదు. నాకు ఒళ్లు మండింది. దానికి తినిపిస్తూ ఒక కథ అల్లాను. అనగనగా ఒక పాము. చూసినవాళ్లంతా దాన్ని పొమ్మనేవాళ్లే. మొదటిసారి ఒక పిల్ల రమ్మంది, ఆవూ అని పిలిచింది. ఆ పిల్ల మాట పోకూడదని పాపం పాము నానా తంటాలు పడింది. గడ్డి నమిలింది. అంబా అనబోయి బుస్సుమంది. మెడకు గంట కట్టుకుందామంటే ఒళ్లంతా మెడే అయింది. శ్రీజ పకపకా నవ్వి నాలుగు ముద్దలు ఎక్కువే తింది. కొన్నేళ్లకు నా స్నేహితురాలు ఫర్హానా బొమ్మలు వేస్తే అదే కథను చిన్న పుస్తకంగా అచ్చు వేయించాం.

రెండువేల ఆరులో ఆ పుస్తకం చైతు కంట పడింది. గుంటూరు కుర్రాడు, ఇక్కడి యానిమేషన్ స్టూడియోలో డైరెక్టర్. సినిమా తీస్తానన్నాడు. నేను పొంగిపోయాను. తర్వాత అతను స్క్రిప్టు తెచ్చి చూపిస్తే అందులో పిల్లకు కళ్లజోడు వచ్చి కూర్చుంది.

"మేడమ్, హావు, ఆవు అంటే రెండు భాషలూ వచ్చినవాళ్లకే అర్థమవుతుంది. మనం ఇంగ్లిష్‌లో తీస్తున్నాం. అందుకే పాప కళ్లజోడు మర్చిపోయి, పాముని ఆవు తోక అనుకుంటుంది. సింపుల్."

"మా పిల్లకు కండ్లు బాగానే ఉండాయప్పా," అన్నాను. "దానికి రానిది కన్నడం."

"ఏదైనా రిజల్ట్ ఒకటే కదా మేడమ్."

"యాడ ఒకటప్పా? జోడు మర్చిపోతే తప్పు పిల్లది. మాట తెలీకపోతే ఎవురిది?"

స్టూడియోవాళ్లు ఒప్పుకోరు అన్నాడు చైతు. అయితే సినిమా వద్దన్నాను. మా ఆయన గురుమూర్తి తల పట్టుకున్నాడు. ఫర్హానా కూడా కాస్త సర్దుకోమంది. ఆ సినిమా నాకెంత కావాలో నాకే తెలుసు. అయినా వీధిలో ఒకసారి నవ్వులపాలైన పిల్లను తెర మీద కూడా నవ్వులపాలు చేయడానికి నాకు మనసొప్పలేదు.

స్టూడియో గడప అరిగేలా తిరిగాను. చివరికి చైతు విసిగిపోయి ఒక మాటకు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క సన్నివేశాన్ని పెన్సిల్ బొమ్మలతో రెండు రకాలుగా చేసి పిల్లలకు చూపిద్దాం, వాళ్లు దేన్ని మెచ్చితే అదే ఖాయం.

మా ఇంటి దగ్గర టెక్ పార్కు కడుతున్నచోట కూలీల పిల్లలకు రేకుల షెడ్డులో బడి నడిచేది. పక్క అపార్ట్‌మెంట్ల పిల్లల్ని కూడా అక్కడికే పిలిచి, గోడకు తెల్ల దుప్పటి కట్టాం. ముందు కళ్లజోడు రకం వేశారు. పిల్లలు విరగబడి నవ్వారు. చైతు నా వైపు చూశాడు.

తర్వాత నాది. వీధి కన్నడంలో అరిచింది, పాప తెలుగులో ఆవంది, తొక్క పట్టుకుని బయల్దేరింది. అపార్ట్‌మెంట్ పిల్లలు మొహాలు చూసుకున్నారు. కన్నడం వచ్చిన నలుగురైదుగురు మాత్రం కిసుక్కుమన్నారు. అయిపోయింది, ఓడిపోయాను అనుకున్నాను.

అంతలో వెనక నుంచి ఒక పిల్ల లేచింది. కదిరి నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ గంగన్న కూతురు, మమత. మొహం ఎర్రగా చేసుకుని, "ఏల నగుతారు? ఆ పాపకి ఎవురూ చెప్పలేదు గదా," అంది. అని ఊరుకోలేదు, దుప్పటి దగ్గరకు ఉరికి, పాముకూ పాపకూ మధ్య నిలబడింది.

"పాపా, హావంటే పాము. పోవాకు!"

అంతే, అర్థం కాని పిల్లలకు అర్థమైపోయింది. ఒకడు స్నేక్ అన్నాడు, ఒకతె సాంప్ అంది, నవ్వినవాళ్లు కూడా లేచి హావు, పాము అంటూ ఆ పాపను వెనక్కి పిలవడం మొదలుపెట్టారు. రేకులు అదిరిపోయాయి. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

చైతు తన కాగితాల్లో కళ్లజోడు కొట్టేశాడు. "రెండు భాషలూ ఉంచుదాం మేడమ్. స్టూడియోతో నేను మాట్లాడతాను. ఈ అరుపు కూడా రికార్డ్ చేయాలి, ఆ అమ్మాయిని ఇంకోసారి చెప్పమనండి," అన్నాడు.

నేను వెళ్లి అడిగాను. దుప్పటి మీద బొమ్మ పాప ఇంకా పాము ముందే ఆగి ఉంది, మమత అక్కణ్నుంచి కదల్లేదు.

"ముందు ఆ పాపని ఇవతలికి పిల్చుకోండి," అంది.