అరబ్బీ సున్నా

కుడిచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఎడమచేత్తో డబ్బాలు తోముతున్నాను. గారెల నూనె మణికట్టు మీద ఒలికి వారమైంది. ఆ రోజు మా ఆయన రాజగోపాల్ ముందు స్టవ్ ఆపారు, తర్వాత గారెలు మాడలేదు కదా అని చూసుకున్నారు, ఆ తర్వాత నా వైపు తిరిగి కాస్త చూసుకుని చేయొద్దూ అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, నేనంటూ ఒకదాన్ని అక్కడ ఉన్నట్టయినా అనిపించేది.

ఈ అరబ్బు దేశంలో ఆయన ఇంజనీరు ఉద్యోగం పోయాక, ఫహాహీల్ ఊళ్లో మా ఫ్లాటు కిందే గది తీసుకుని భోజనాల డబ్బాల వ్యాపారం మొదలుపెట్టాం. వంటంతా నేనే. ఎలాగూ ఇంట్లో వండుకోవాలి కదమ్మా, ఇంకో నాలుగు గిద్దెల బియ్యం ఎక్కువ పోస్తే ఏం పోయింది, అంటారు అత్తగారు విజయవాడ నుంచి ఫోన్లో. మా ఆవిడకి పొద్దు పోవాలి కదా అంటారు ఈయన, స్నేహితులతో. ఈ ఊళ్లో నాకు మాట్లాడటానికి మనిషి లేదని చెప్పుకోవడానికి కూడా మనిషి లేదు.

ఇప్పుడు లైసెన్సు రెన్యువల్ వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే డబ్బులిచ్చే ఇన్సూరెన్సు ఒకటి ఉందట. పనివాళ్లు లేని దుకాణమైతే అది అక్కర్లేదని పత్రం రాసిస్తే చాలట. ఆయన ఇంట్లోనే కాగితం నింపి, సాక్షి సంతకానికి నన్నూ ప్రభుత్వ కాగితాలు సరిచూసి పంపే టైపింగు సెంటరుకి బయల్దేరదీశారు. కారులో, నేను పనిచేస్తున్నాను కదండీ అన్నాను.

"ఛ, నువ్వు పనిమనిషివేంటి అమృతా? ఓనరమ్మవి."

ప్రేమగానే అన్నారు.

టైపింగు సెంటరు నడిపే అబ్దుల్ బాసిత్ సొంతూరు రాయచోటి. కాగితం చూసి నొసలు చిట్లించాడు. "ఏంది సార్, పనోళ్లు లేరంటిరి. ఈడ ఐదు మందని రాసినారే!"

ఆయన రాసింది గుండ్రటి సున్నా. అరబ్బీలో అది ఐదు. వాళ్ల సున్నా ఒట్టి చుక్క. కూరగాయల ధరలు చదివి కొనేది నేనే కాబట్టి నాకు చూడగానే అర్థమైంది, ఆయనకి బాసిత్ చెప్పాల్సి వచ్చింది. ఆయన పగలబడి నవ్వారు. ఆ ఐదుగురు ఎక్కడున్నారో చూపించు, నేనూ చూస్తానన్నారు. బాసిత్ కూడా నవ్వాడు.

నాకు వాళ్లు కనిపించారు. తెల్లారకముందే లేచి పప్పు రుబ్బేది ఒకతె. కూరలు తరిగేది ఒకతె. పొయ్యి ముందు నిలబడి చెయ్యి కాల్చుకున్నది ఒకతె. డబ్బాలు సర్దేది ఇంకొకతె, అవి తిరిగొచ్చాక తోమేది మరొకతె. వాళ్లు ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోరు, తీరికుండదు. వాళ్ల మీద నాకు ఎంత జాలేసిందంటే, ఏడుపొచ్చింది.

గుండ్రం కొట్టేసి చుక్క పెట్టమన్నాడు బాసిత్, దిద్దిన చోట సాక్షిగా అక్క సంతకం కావాలన్నాడు. ఆయన పెన్ను నా ఎడమచేతికి అందించి, త్వరగా పెట్టు, మధ్యాహ్నం డబ్బాలకి టైమవుతోంది అన్నారు.

పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచాను.

"ఐదే ఉండనీ బాసిత్," అన్నాను. "వాళ్లు ఐదుగురూ ఇవాళ పనిలోకి రారు."