అంచుకు కుట్టిన సీసం

సఫూరాకు ముప్పై ఒక్కేళ్లు. గడప దాటే ముందు వంగి సల్వారు అంచులు తడిమి చూసుకోవడం ఆమెకు అలవాటు. అంచుల్లో సీసపు గుళ్లుంటాయి. కిటికీ తెరలు గాలికి ఎగరకుండా ఇంగ్లీషు ముసలమ్మలు కుట్టుకునేవి అవి. ఇంగ్లండులోని కీత్లీ ఊరి సంతలో వాటిని అమ్మేవాడికి ఇప్పుడు తెరల బేరం తక్కువ, కోడళ్ల బేరం ఎక్కువ.

కాగితాలు కుదరని వాళ్ల కాళ్లు ఆ దేశంలో నేలకు ఆనవు. కొందరు బెత్తెడు ఎత్తున ఉంటారు, కొందరు జానెడు. వాళ్లు కమ్మీ పట్టుకునేదాకా బస్సు డ్రైవర్లు ఆగుతారు. కొండ మీంచి గాలి తోలే రోజుల్లో ఆడవాళ్లు బంగాళదుంపల సంచి భుజానేసుకుని పిల్లల్ని బడికి దింపుతారు. శాశ్వతంగా ఉండొచ్చని ముద్ర పడిన రోజు పాదాలు నేలకు తగులుతాయి. ఆ ఇంటివాళ్లు వీధంతా మిఠాయి పంచుతారు.

అత్త గుల్జార్ బీబీ సంగతి వేరు. ఆమె సఫూరా తల్లికి సొంత అక్క, అందుకని సఫూరా ఆమెను ఖాలా అనే పిలుస్తుంది. ఖాలా వచ్చిన కాలంలో ముద్ర కోసం పరీక్ష రాయాల్సిన పని లేదు. ఈ దేశపు రాజుల్లో ఒక్కడి పేరూ ఆమెకు నోరు తిరగదు, పార్లమెంటు బ్రాడ్‌ఫర్డ్‌లో ఉందనుకుంటుంది, అయినా ఆమె నడిస్తే మెట్లు కిర్రుమంటాయి. ఆమె కొడుకు, సఫూరా మొగుడు ఇష్తియాక్ ఇక్కడే పుట్టాడు. ఫుట్‌బాల్ జట్ల గురించి తప్ప ఈ దేశం గురించి అతనికేమీ తెలియదు. అతని బూట్లు నేలను ఎన్నడూ వదల్లేదు.

ఇష్తియాక్ పెళ్లాన్ని కొట్టడు. ఎవరడిగినా ఈ మాట సఫూరాయే ముందు చెబుతుంది. అతను గొంతు కూడా పెంచడు. కూరలో ఉప్పు తగ్గినా, ఆమె ఫోను ఎక్కువసార్లు మోగినా, చాయ్ కలుపుకుంటూ మెల్లగా అంటాడు.

"నీదేముంది, మీ ఊరికి ఒక్క టికెట్టు కొంటే సరి."

ఆ మాట విన్నప్పుడల్లా సఫూరా వేలెడు పైకి లేస్తుంది. పెళ్లయి వచ్చినప్పుడు అందరిలాగే బెత్తెడు ఎత్తున ఉండేది. హఫ్సా పుట్టేసరికి మూరెడయింది. సీసం పెంచుకుంటూ వచ్చింది.

హఫ్సాకు నాలుగేళ్లు. తండ్రి పౌరుడు కాబట్టి పిల్ల పుడుతూనే పౌరురాలు, పుడుతూనే నేల మీద ఉంది. దాన్ని ఎత్తుకుంటే చాలు, సఫూరా కాళ్లు నేలకు ఆనేవి. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఎత్తుకునే తిరిగేది.

"అంత పిల్లను చంకనేసుకుంటావేం, దానికి కాళ్లు లేవా?" అనేది ఖాలా.

"దానికున్నాయి ఖాలా. నాకే లేవు."

వీసా అక్టోబరుతో అయిపోతుంది. ఆలోగా ఈ దేశపు చరిత్ర, ప్రభుత్వం, ఆచారాల మీద పెట్టే పరీక్షలో నెగ్గాలి. నెగ్గితే శాశ్వత నివాసం కాగితాల మీద సంతకం పెడతానని ఇష్తియాక్ మసీదు పెద్దల ముందు మాటిచ్చాడు. నెగ్గదన్న ధైర్యంతోనే ఇచ్చాడు. నెగ్గకపోతే పొడిగింపుకి ఇంకోసారి సంతకం పెట్టనన్నాడు. అప్పుడామె తను పుట్టిన మీర్‌పూర్ తిరిగి పోవాలి. పిల్ల బడి ఇక్కడ, దాని పాస్‌పోర్టు నా బీరువాలో, అదెక్కడికీ రాదు అని కూడా చెప్పాడు. అదీ మెల్లగానే చెప్పాడు.

చర్చి కింది గదిలో ఆడవాళ్లకు పాఠాలు చెప్పేది డొరీన్. ఒకప్పుడు బడిలో పిల్లలకు భోజనం వడ్డించిన మనిషి. ఆమె కూడా సరదాకి నమూనా పరీక్ష రాసి తప్పింది. "నన్నెక్కడికి పంపుతారమ్మా, కొండవతల లాంకషైర్‌కా?" అని పడీపడీ నవ్వింది. నవ్వగలదు, ఆమె కాళ్లు నేల మీదున్నాయి.

ఎనిమిదో హెన్రీ రాజు పాఠం రోజున గదంతా గోల. ఆరుగురు పెళ్లాల్లో ఇద్దరి తలలు తీయించాడంటే పెషావర్ కుల్సుమ్ అంత ఆశ్చర్యపోలేదు గానీ, నాలుగో ఆమె దగ్గర మాత్రం ఆగమంది. ఆమెను జర్మనీ నుంచి తెప్పించుకున్నాడు. బొమ్మ చూసి సరేనన్నాడు, మనిషిని చూసి మొహం చిట్లించాడు.

"మా ఆయన కూడా ఫొటో చూసే ఒప్పుకున్నాడు" అంది కుల్సుమ్. "ఇంతకీ ఆమెనేం చేశాడు?"

పెళ్లి చెల్లదనిపించి, ఇళ్లిచ్చి ఉండనిచ్చాడని, చచ్చేదాకా ఆమె ఇంగ్లండులోనే ఉందని డొరీన్ చెప్పింది.

"అంటే ముద్ర పడింది. తల కూడా మిగిలింది. అదృష్టమంటే ఆవిడదే."

సఫూరా నవ్వలేదు. "ఆమెకు పిల్లలున్నారా?" అని అడిగింది.

లేరంది డొరీన్.

"అయితే ఆమెకేం" అంది సఫూరా.

మొదటి పరీక్షకు బ్రాడ్‌ఫర్డ్ వెళ్లింది. అక్కడి నియమం ఏమిటంటే ఒంటి మీద ఏమీ ఉండకూడదు. జేబులు తడిమారు, చున్నీ పక్కకు తీసి చెవుల వెనక చూశారు, సల్వారు అంచు విప్పించి సీసపు గుళ్లన్నీ పెట్టెలో వేయించారు. మిగతా ఆడవాళ్లు జానెడు ఎత్తున లేచి, కుర్చీ కమ్మీలకు కాళ్లు మెలేసుకుని రాసుకున్నారు. సఫూరా తల పైకప్పుకు తగిలింది. ముప్పావుగంటా అక్కడే ఉంది. కింద తెర మీద మొదటి ప్రశ్న అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

ఫలితం ఇష్తియాక్ విన్నాడు. ఆ రాత్రి బిర్యానీ తెప్పించాడు.

డొరీన్‌కి అప్పుడొక ఆలోచన వచ్చింది. తన పిల్లలు ఎదుగుతుంటే పెరటి తలుపు చట్రం మీద బయటివైపు పెన్సిలుతో గీతలు గీసే అలవాటు ఆమెది. సఫూరా సీసం తీసేసి ఆ చట్రం పక్కన నిలబడితే, పాదాల కింద గీత గీసి, ఆ వారం ఇష్తియాక్ ఏమన్నాడో దాని పక్కన రాసింది. వారం వారం గీతలు పైకి పోయాయి. వేసవి నాటికి డొరీన్ కుర్చీ ఎక్కి గీయాల్సి వచ్చింది.

భర్త చేతుల్లో బాధలు పడే ఆడదానికి పరీక్ష లేకుండానే ముద్ర వేసే నిబంధన ఒకటుంది. వాళ్లు చదివిన పాఠాల్లో అది లేదు. యుద్ధాలున్నాయి, పువ్వులున్నాయి, ఏ పండగకి ఏం తినాలో ఉంది. ఆ నిబంధన సంగతి డొరీన్‌కి ఎవరో చెప్తే తెలిసింది. సలహాలిచ్చే ఆఫీసుకి సఫూరాను తీసుకెళ్లింది. బల్ల అవతలి ఆమె మంచిదే, మంచినీళ్లిచ్చింది. కొట్టాడా అని అడిగింది. లేదంది సఫూరా. గదిలో పెట్టి తాళం వేశాడా? లేదు. తిండి పెట్టలేదా? పెట్టాడు.

డొరీన్ తలుపు చట్రం ఫొటో బల్ల మీద పెట్టింది. "చూడండి, కొన్ని నెలల్లోనే ఎంత లేచిందో. పక్కన ఆ మాటలు చదవండి."

"చదివానండీ" అందామె. "కానీ పెళ్లి వీసా మీద వచ్చినవాళ్లందరూ తేలతారు కదా. తేలడం సాక్ష్యం కిందికి రాదు."

సెప్టెంబరు చివర్లో రెండో పరీక్ష. సఫూరాకు పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. కుల్సుమ్ అడిగిన చోటల్లా తడుముకోకుండా చెప్పింది. కాళ్లు కమ్మీలకు ఎలా మెలేయాలో వంటింటి కుర్చీ మీద అభ్యాసం చేసింది. ఆ పొద్దున ఇష్తియాక్ చాయ్ కలుపుకుంటూ మామూలు మాట అనలేదు.

"టికెట్టు కొన్నాను" అన్నాడు.

బ్రాడ్‌ఫర్డ్ దాకా హఫ్సాను ఎత్తుకునే వెళ్లింది. గుమ్మం దగ్గర పిల్లను దింపమన్నారు. తోడుగా వచ్చిన కుల్సుమ్ అందుకుంది. కమ్మీలకు మెలేసిన కాళ్లు ఒక్క నిమిషం ఆగలేదు. సఫూరా వీపు పైకప్పుకు ఆనింది. మగవాళ్లతో సమానమైన వయసుకే ఆడవాళ్లకు ఓటు ఏ సంవత్సరం వచ్చిందని కింద తెర అడుగుతోంది.

"పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది" అంది సఫూరా పైనుంచి.

కాపలా కుర్రాడు మర్యాదస్థుడు. తల ఎత్తలేదు. పరీక్ష గదిలో మాట్లాడకూడదండీ అన్నాడు.

"అంతకు ముందు పదేళ్లు ముప్పై దాటిన వాళ్లకే. అది కూడా అందరికీ కాదు. రెండో ప్రశ్న నొక్కు బాబూ, చెబుతాను."

నొక్కడానికి నియమం ఒప్పుకోదన్నాడు. సఫూరా ఆగలేదు. రాజుల్ని చెప్పింది, యుద్ధాల్ని చెప్పింది, ఆరుగురు పెళ్లాల్నీ వరసగా చెప్పింది. మాట్లాడినందుకు పరీక్ష రద్దు చేశారు.

బయలుదేరే రోజు పొద్దున్నే సఫూరా అంచులు విప్పి, గుళ్లన్నీ పప్పు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెట్టింది. హఫ్సాను ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. ఇష్తియాక్ పెట్టె కారులో పెట్టాడు.

"పిల్లను మా అమ్మకివ్వు. టైమవుతోంది."

ఇవ్వలేదు. హఫ్సా జుట్టు సరిచేసింది, స్వెట్టరు బొత్తం పెట్టింది. ఎంతసేపు ఎత్తుకున్నా మధ్యాహ్నం విమానం ఉంది. తనే వంగి పిల్లను రాళ్ల బాట మీద దింపి, చేతులు తీసేసింది.

సీసం లేని సఫూరా పైకి లేచింది, ఇళ్ల కప్పుల ఎత్తు దాటాక గాలి అందుకుంది. ఇష్తియాక్ దిగమన్నాడు. ఈసారి గొంతు పెంచాడు. ఖాలా పెరట్లోంచి బట్టల తీగకు ఊతంగా పెట్టే పొడుగు కర్ర తెచ్చి పైకి చాచింది. కోడల్ని పట్టి దింపడానికో, పట్టుకొమ్మని ఇవ్వడానికో ఆమె ఎవరికీ చెప్పలేదు. మునివేళ్ల మీద లేచింది. కర్ర అందలేదు.

వీసా అయిపోయాక ఇద్దరు అధికారులు వచ్చి, వీధి మీదే తేలుతున్న సఫూరాను తలెత్తి చూశారు. సదరు మహిళ ఈ దేశపు నేల మీద లేదని రాసుకుని కేసు మూసేశారు. దిగితే మళ్లీ తెరుస్తామని డొరీన్‌తో చెప్పి వెళ్లారు. డొరీన్ ఆ మాట పైకి అరిచి వినిపించింది.

సఫూరా ఆ తర్వాత పన్నెండేళ్లు, బడి వదిలే వేళకు, బడి కప్పు మీదుగా హఫ్సా వెంట ఇంటి దాకా తేలుతూ వెళ్లింది. ఒక్కసారి కూడా కూతుర్ని ముట్టుకోలేదు.