పడేవాడు

జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. ఫల్గుణ ఎడమచేత్తో పచ్చటి స్పాంజిని లోపలికి నొక్కిపట్టి, కుడిచేత్తో జిప్పు పళ్ళకి కొవ్వొత్తి ముక్క రాశాడు. తొడుగు లోపలున్న సోమన్న గోడకి రెండు చేతులూ ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"బేగి లాగరా అల్లుడా. కొండసిలవ మింగీసినట్టున్నాది."

"నువ్వు కదలకు మామా. వొచ్చీసింది."

జిప్పు మెడ దాకా వచ్చింది. అరవై రెండేళ్ళ సోమన్న ఇప్పుడు మెడ కింద నుంచి పెద్ద బల్లి. వీపు పొడుగునా రబ్బరు ముళ్ళు. వాటిలో మూడు ఊడిపోతే తోట యజమాని దుర్గాప్రసాద్ కిరోసిన్ గరాటులు బంకతో అంటించి పచ్చరంగు వేయించాడు. తోక లోపల సైకిలు ట్యూబు. అంతా కలిపి పద్నాలుగు కిలోలు. మెడ పైన మాత్రం అదే ఎండు మొహం, చెవులకి రాగి పోగులు, పొగాకు నమిలి గారపట్టిన పళ్ళు. కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ అందులో బల్లి విద్య ఒకటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు పాపం.

ఫల్గుణ వేషం అంత కష్టమైనది కాదు. ఎర్ర బట్టలు, వెండిరంగు పూసిన రబ్బరు బూట్లు, ఎర్ర టోపీ. టోపీ మొహాన్ని పూర్తిగా మూసేస్తుంది. కళ్ళ దగ్గర నల్ల అద్దం ఉంది, దానిలోంచి ఎదురుగా జానెడు మేర కనిపిస్తుంది. తన కాళ్ళు తనకి కనిపించవు.

అరకు రోడ్డు మీద దుర్గాప్రసాద్ పూలతోటకి శీతాకాలమంతా జనం. సాలూరు నుంచి కొండెక్కి వచ్చిన ఆ పెద్దమనిషి వలిసె చేలు కౌలుకి పట్టి, పసుపు పూల మధ్య ఊయలలూ, గుండెకాయ ఆకారంలో వెదురు చట్రాలూ నిలబెట్టాడు. నాలుగేళ్ళ కిందట విశాఖలో మూతపడ్డ ఎగ్జిబిషన్ నుంచి ఈ రెండు వేషాలూ తెచ్చాడు. రోజుకి ఆరుసార్లు ఎర్రటోపీ వచ్చి బల్లిని తన్నాలి, బల్లి పడాలి, పిల్లలు చప్పట్లు కొట్టాలి. మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చిన మామా అల్లుళ్ళు అలా వేషగాళ్ళయ్యారు.

ఆ ఎర్రటోపీ ఎవరో మొదట వాళ్ళకి తెలియదు. మొదటి వారంలోనే ఒక పిల్ల ఫల్గుణని ఎగాదిగా చూసి, "ఇది ఫేక్ మమ్మీ, వాడు ఇలా నిలబడడు" అంది. తల్లి నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పొలంలో, కూలిలో, సంతలో ఎందరెన్ని మాటలన్నా దులిపేసుకున్న మనిషికి ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. ముంచింగిపుట్టు సంతకి వెళ్ళినప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో తన ఫొటో చూపించి అడిగాడు. అది జపాన్ వాళ్ళ టీవీ సీరియలని తేలింది. యాభై రెండు ఎపిసోడ్లూ మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు.

మధ్యాహ్నం అన్నాల వేళ రోజుకొక ఎపిసోడ్. భాష ఒక్క ముక్క రాదు. వచ్చి చేసేదేముంది? ఎవరో ఏడుస్తారు, ఏదో ఊరు కాలుతుంది, అందగాడొకడు మణికట్టు తిప్పి ఎర్రటోపీ అయిపోతాడు, రాక్షసి జంతువు పడిపోతుంది. మొదటి సారి చూసినప్పుడు ఫల్గుణ ఎర్రటోపీనే చూశాడు. మణికట్టు ఎలా తిప్పుతాడు, గెలిచాక గడ్డం ఎంత ఎత్తుతాడు, అన్నీ నేర్చాడు. యాభై రెండూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. అప్పుడు చూశాడు సోమన్న, చూడవలసిన దాన్ని.

"ఒరే, ఈడు నిన్నటోడే."

"నిన్నటిది పీత మామా. ఇది గబ్బిలం కాదేటి?"

"పైతోలు మారినాది. లోపలోడు ఆడే. సూడు, పడేముందు కుడిసెయ్యి నేల మీద ఎలగ ఏత్తన్నాడో."

నిజమే. పీతయినా, గబ్బిలమయినా, కొమ్ముల ఎద్దయినా లోపల ఒకడే మనిషి. పడే ముందు అరచెయ్యి నేలకి తాటించి, ఎడమ భుజం మీదికి దొర్లుతాడు. ఎండుటాకుల మీద అడుగు చప్పుడు విని అడవిపందో మనిషో చెప్పగలిగిన సోమన్నకి అది దాగుతుందా? ఆ రోజు నుంచి ఆయనకి ఎర్రటోపీతో పనిలేదు. ఆ మనిషికి "పడేవోడు" అని పేరు పెట్టుకున్నాడు. "మా పడేవోడు ఇయ్యాల బాగా పడ్నాడు" అని చుట్టాన్ని మెచ్చుకున్నట్టు మెచ్చుకునేవాడు. తాను కూడా అలాగే పడటం నేర్చుకున్నాడు. ఇప్పుడు నడుస్తున్నది మూడో విడత.

ఇదంతా ఊరికి తెలియదు. తెలిస్తే కొంప మునుగుతుంది. వాళ్ళ ఊళ్ళో పెద్దవాడి ఒంటికి చెప్పుకాలు తగిలితే దాన్ని తప్పు అంటారు. తన్నినవాడిదీ తన్నులు తిన్నవాడిదీ ఇద్దరిదీ తప్పే. కులపెద్దలు కూర్చుని, తల మీద పసుపునీళ్ళు పోసి, ఊరందరికీ భోజనం పెట్టించేదాకా ఆ ఇంట నిప్పు పుచ్చుకోరు, నీళ్ళు ముట్టరు. అందులోనూ మేనమామని మేనల్లుడు తన్నడం! నాలుగేళ్ళుగా మొక్కలకి నీళ్ళు పోస్తున్నామనే చెబుతున్నారిద్దరూ.

మొదటి రోజు ఫల్గుణ కాలెత్తలేకపోయాడు. సోమన్నే నచ్చజెప్పాడు. "ఏసం లోపల నాను లేను, నువ్వు లేవు. బూటు బల్లిని తంతన్నాది. మనకేటి?" ఆ నెలంతా ఫల్గుణ పొద్దున్నే వేషం కట్టేముందు ఆయన కాళ్ళకి దండం పెట్టేవాడు. రెండో నెలలో ఒకరోజు ఆలస్యమై మానేశాడు. ఆ తర్వాత దండం మాటే మరిచిపోయాడు. మనిషి దేనికైనా అలవాటుపడతాడు, అందులో మెచ్చుకోళ్ళకి మరీ తొందరగా అలవాటుపడతాడు.

ఫల్గుణకి అది బాగా నచ్చేది. ఎవరికీ చెప్పుకోలేదు గానీ అదే నిజం. ఇంటి దగ్గర పిలిస్తే పలికే దిక్కు లేదు. పెళ్ళాం పుట్టింటికి పోయి తొమ్మిదేళ్ళు. కాఫీ తోటల్లో మేస్త్రీ పేరు కూడా అడక్కుండా "ఓయ్" అనేవాడు. ఇక్కడ టోపీ పెట్టుకుంటే రెండు వందల మంది పిల్లలు కేక వేస్తారు.

ఆ రోజు ఆదివారం. పొద్దున్న మంచు విడవక ముందే బస్సులు దిగాయి. రెండో ఆట అయ్యాక సోమన్న పనిముట్ల గదిలో ఎరువు బస్తా మీద కూలబడ్డాడు. బల్లి తల పక్కన పెట్టి, నోరు తెరిచి ఊపిరి పీల్చుకున్నాడు. నుదుటి మీద చెమట ధారకట్టింది. బయట చలికి జనం శాలువాలు కప్పుకుని ఉన్నారు.

"ఏటి మామా, ఒంట్లో బాగునేదా?"

"గేసురా. రాత్రి పనసగింజలు తిన్నాను కదా."

"నాను గట్టిగా తన్నీసేనా ఏటి?"

"నొప్పి నేదల్లుడా. నీ కాలు దూదిలాగుంటాది."

అన్నాల వేళ నలభై ఒకటో ఎపిసోడ్ పెట్టారు. సోమన్న అన్నం నాలుగు మెతుకులు కెలికి వదిలేశాడు, ఫోను మాత్రం దగ్గరికి లాక్కున్నాడు. చివర్లో జెర్రిలాంటి జంతువు పడింది. వెల్లకిలా, చేతులు రెండూ గాల్లోకి విసిరి.

"ఈడు కాడు," అన్నాడు సోమన్న.

మళ్ళీ వెనక్కి జరిపి చూశారు. కాడు. చెయ్యి నేలకి తాటించలేదు, భుజం మీదికి దొర్లలేదు. నలభై రెండు పెట్టి చివరికి జరిపారు. అందులోనూ కాడు. రెండుసార్లు యాభై రెండూ చూసినవాళ్ళు ఈ సంగతి ఎలా కనిపెట్టలేదో మరి.

"ఆడికేటైనాదో," అన్నాడు సోమన్న. "ఎవులూ సెప్పరు కదా."

"సెలవెట్టుంటాడు లే మామా."

సోమన్న ఫోను పక్కన పెట్టేశాడు. కాసేపటికి, "అల్లుడా, ఇయ్యాల్టికి ఇంక సాలనుకుంటాను," అన్నాడు. నాలుగేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

ఫల్గుణ కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడే ఒక స్కూలు బస్సు వచ్చింది. పిల్లలు వరసకట్టి దిగుతున్నారు, కొందరు అప్పుడే మణికట్లు తిప్పుతున్నారు. ఇవాళ్టికి ఇంక చాలంటే దుర్గాప్రసాద్ ఒప్పుకునేవాడే. ఆ మాట ఫల్గుణకి తెలుసు. అయినా అతని నోట వచ్చింది ఇది:

"ఒక్కటి మామా. ఆ పిల్లల కోసం ఒక్కటి."

సోమన్న లేచి గోడకేసి తిరిగి నిలబడ్డాడు, జిప్పు వేయమన్నట్టు.

ఆట బ్రహ్మాండంగా జరిగింది. ఫల్గుణ ఎన్నడూ అంత చక్కగా తిరగలేదు. కాలెత్తి బల్లి గుండెల మీద ఒక్కటిచ్చాడు. బల్లి అరచెయ్యి నేలకి తాటించి, ఎడమ భుజం మీదికి దొర్లి, వెల్లకిలా పడింది. పిల్లల కేకలకి టోపీ లోపల చెవులు గింగురుమన్నాయి. ఫల్గుణ బల్లి గుండెల మీద కాలుపెట్టి, నడుం మీద చెయ్యి వేసి, గడ్డం ఎత్తాడు.

ఫొటోలు మొదలయ్యాయి. ఒక్కొక్క పిల్లా వచ్చి పక్కన నిలబడటం, టీచరు ఫోను ఎత్తడం. కాలు తియ్యాలంటే సోమన్న బూటు మీద రెండుసార్లు తట్టాలి. అది వాళ్ళిద్దరికీ ఉన్న గుర్తు. పది పన్నెండు ఫొటోలయ్యాక బూటు మీద తట్టినట్టయింది. ఒకసారి. కాసేపాగి, మెల్లగా, ఇంకోసారి.

ఫల్గుణకి తెలిసింది. పిల్లలెవరో ముట్టుకున్నారని తర్వాత తనకి తాను చెప్పుకోబోయాడు గానీ, తెలిసింది. వరసలో ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. వీళ్ళవి అయిపోనీ అనుకున్నాడు. కాలు తియ్యలేదు.

బస్సు హారను మోగింది. పిల్లలు వెళ్ళిపోయారు. ఫల్గుణ కాలు తీసి, "లే మామా, అయిపోయింది," అన్నాడు. సోమన్న ఒక్కోసారి అల్లరికి అలాగే పడుకుని ఉండిపోయేవాడు. ఫల్గుణ నవ్వుతూ వంగి బల్లి తల ఊడదీశాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. పెదవి చివర చిన్న పొగాకు ముక్క అంటుకుని ఉంది.

దుర్గాప్రసాద్ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. లోపలికి పంపిన పావుగంటకి డాక్టరమ్మ బయటికి వచ్చి, దారిలో కాదు, అంతకు ముందే పోయాడని చెప్పింది. "ఏం చేస్తుండగా పడ్డాడు?" అని అడిగింది. ఎర్ర బట్టల్లో, వెండి బూట్లతో నిలబడ్డ ఫల్గుణని చూసి, జవాబు కోసం ఆగకుండా కాగితం వైపు తిరిగింది.

వరండా నిండా జనం. అందరి చూపులూ తన మీదే. బల్ల మీద తల్లి ఒళ్ళో కూర్చున్న ఒక చిన్నపిల్ల, చేతికి సూదిగుచ్చిన పట్టీతో, అతన్ని చూసి మొహం విప్పార్చుకుంది. పట్టీ ఉన్న చేతినే పైకెత్తి మణికట్టు తిప్పింది. ఫల్గుణ టోపీని వీపు వెనక్కి దాచుకున్నాడు. భూమి విచ్చితే బాగుండునని జనం అంటుంటారు. విచ్చినా ఈ వేషంతో లోపలికి పోవడానికి అతనికి సిగ్గేసేది.

ఊరికి ఫోను చేశాడు. సంతకని కొండ దిగి ఉన్న సోమన్న భార్య సోని అత్తకి సిగ్నలు దొరికింది.

"అత్తా... మామ... మొక్కలకి నీళ్ళు పోస్తా పడిపోనాడు."

అవతల సంతలో ఎవరో చింతపండు బేరమాడుతున్నారు.

"ఉన్నాడా?"

"నేడత్తా."

ఏడుపు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు.

"సరే. తీసుకొచ్చీ," అంది సోని. తర్వాత గొంతు తగ్గించి, "ఊరికి నాను కూడా అలగే సెప్తాను. నీళ్ళు పోస్తా పడ్నాడని. నువ్వు మాట మార్చకు," అంది.

ఆమె ఎందుకలా అందో ఫల్గుణకి అప్పుడు అర్థం కాలేదు. ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి నర్సు ఒక పాత దుప్పటి మూట తెచ్చి ఇచ్చింది. బల్లి తొడుగు, అంగీ, రాగి పోగులు. "ఇది అంగీ లోపల గుండెలకి కట్టుకుని ఉన్నాడు. ఏమైనా దెబ్బ ఉందా ఇంతకు ముందు?" అని ఇంకొకటి విడిగా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఫల్గుణ బల్ల చివర కూర్చున్నాడు. చీర ముక్కలతో కుట్టిన మెత్త అది. ఊదారంగు మీద పసుపు అంచు. సంతకి కట్టుకొచ్చే సోని అత్త చీర. ఒక్కరోజులో కుట్టింది కాదు. కింది పొరలు ఉతికి ఉతికి వెలిసిపోయాయి, పైపొర ఈ మధ్యనే వేసింది. చుట్టూ గోనెదారంతో పెద్ద పెద్ద కుట్లు. వీపు వెనక ముడివేసుకోడానికి నాలుగు మూలలా నాలుగు తాళ్ళు, వాటిలో ఒకటి తెగితే మళ్ళీ అతికించి కుట్టారు. మెత్త నడిమధ్యన మాత్రం ఎన్ని పొరలు వేసినా నిలవనట్టు దూదంతా అణిగిపోయి, సరిగ్గా బూటు మడమంత పల్లం పడి ఉంది.